ఇంటికి వచ్చిన వెండితెర: మంచి వీడియో ప్రతిని గుర్తించుట ఎట్లు?

రేడియో వినువారికి ‘సంక్షిప్త శబ్దచిత్రము’ అను మాట కొత్తది కాదు. మూడు గంటల చలనచిత్రమును గంటసేపటి మాటలకును పాటలకును కుదించి ఆకాశవాణి వినిపించిన ఆ కార్యక్రమమును ఆంధ్రదేశమున ఎన్నో కుటుంబములు కలిసి కూర్చుండి విన్నవి. ఆ పేరులో ఒక నిజాయితీ కలదు. ఇది కుదించినది సుమా అని ముందుగా చెప్పి, ఆ పిమ్మట వినిపించెడివారు. కనుక విన్నది మొత్తము చిత్రమని ఎవరును పొరబడలేదు.

ఇంట చూచుటకై అమ్మెడు వీడియో ప్రతులలో ఈ నిజాయితీ అన్ని వేళల కనబడదు. అందువలన మా ఇంట ఒక చిన్న తగవు వచ్చినది. ఆ తగవే ఈ వ్యాసమునకు కారణము.

గత వేసవి సెలవులకు హైదరాబాదు నుండి మనుమడు వేటపాలెములోని మా ఇంటికి వచ్చెను. వానికి ఎనిమిదేండ్లు. మా తల్లిగారు ఎనుబది దాటినవారు. చిన్నతనమున చీరాలలో చూచిన ఒక పౌరాణిక చిత్రమును గూర్చి ఆమె వానికి వారము దినములు కథగా చెప్పిరి. అందులోని ఒక పద్యమును రాగముతో పాడి వినిపించిరి. వాని ముచ్చట తీర్చుటకై మేము ఆ చిత్రపు వీడియో సి.డి. తెచ్చితిమి. పెట్టెలో రెండు డిస్కులుండెను. అందరము కూర్చుండి చూచితిమి. ఆ ఘట్టము వచ్చినది, పోయినది. పద్యము మాత్రము రాలేదు.

‘తాతమ్మా, నువ్వు చెప్పిన పద్యం ఏదీ?’ అని వాడడిగెను. ‘ఉండాలిరా, నేను రెండుసార్లు చూశాను’ అని ఆమె అనిరి. వాడు చిత్రమును వెనుకకు తిప్పి మరల చూపెను. లేదు. ‘నువ్వే మరిచిపోయి ఉంటావులే’ అని వాడు తేలికగా అనివేసెను. ఆమె మరి మాటాడలేదు. ఆ రాత్రి భోజనమునకు కూడ ఆలస్యముగా లేచిరి.

చిన్నవాని తప్పు ఏమియు లేదు. కంటి ఎదుట ఉన్నది వాడు నమ్మెను. అయితే కంటి ఎదుట ఉన్నది పూర్ణప్రతియా, కాదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలుగుటయే వీడియో ప్రతిని పరీక్షించుట. చిత్రము మంచిదా చెడ్డదా అనుట వేరు. ఆ చిత్రము మన చేతికి సరిగా వచ్చినదా లేదా అనుట వేరు. మేము ఇచ్చట రెండవ దానిని గూర్చియే చెప్పుచున్నాము.

మా ఊరివారికి ఈ భేదము కొంత సులభముగా తెలియును. వేటపాలెములో 1918లో స్థాపించిన సారస్వత నికేతనము కలదు. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేసిరి. పాత పత్రికలను, గ్రంథములను భద్రపరచిన ఆ గ్రంథాలయమునకు దూరదేశముల పరిశోధకులు సైతము వచ్చుచుందురు. అచ్చట చదువు అలవడినవారు పుస్తకమును చేతికి తీసికొనగనే మొదట చూచునది గ్రంథకర్త పేరొక్కటే కాదు. ఇది ఎన్నవ ముద్రణము? పుటలన్నియు ఉన్నవా? పరిష్కరించినవారెవరు? అచ్చుతప్పులెన్ని? ఒకే కావ్యమునకు మంచి ప్రతియు ఉండును, చెడ్డ ప్రతియు ఉండును. చలనచిత్రమునకును అంతే.

ఇంటికి చలనచిత్రము వచ్చిన దారిని ఒకమారు తలచుకొందము. జపానులో 1976లో వి.హెచ్.ఎస్. వీడియో టేపు వెలువడెను. 1980లలో మన పల్లెలలో టెలివిజనును, వీడియో ప్లేయరును ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవార్లు రెండు మూడు చిత్రములు చూచిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. 1993లో వీడియో సి.డి., 1996లో డి.వి.డి., 2006లో బ్లూరే డిస్కు వచ్చినవి. నేడు ఇంటర్నెట్టు ద్వారా చిత్రము నేరుగా టెలివిజనులోనికే వచ్చుచున్నది. పాత్ర మారినది గాని పరీక్ష మారలేదు. ఏ రూపమున వచ్చినను ఐదు ప్రశ్నలు వేసికొనవలెను: పూర్తిగా ఉన్నదా? చట్రము సరిగా ఉన్నదా? రంగు, రూపము నిజముగా ఉన్నవా? ధ్వని చెడకుండ ఉన్నదా? పిల్లలతో కూడి చూచుటకు కావలసిన వసతులున్నవా?

మొదటిది పూర్ణత. దీనికి గడియారమే సాధనము. ఉదాహరణకు కె.వి.రెడ్డి గారు దర్శకత్వము వహించిన విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైనది. దాని నిడివి 184 నిమిషములు. ఒక వీడియో సి.డి.లో 74 నిమిషములు మొదలు 80 నిమిషముల వరకు పట్టును. రెండు డిస్కులలో ఎంత ఇరికించినను 160 నిమిషములకు మించి పట్టదు. అట్టి చిత్రము రెండు డిస్కులలో వచ్చినచో ఇరువది నాలుగు నిమిషములైనను పోయియుండవలెను. పెట్టె విప్పకుండనే ఈ లెక్క వేయవచ్చును. మూడు గంటల చిత్రమునకు మూడు డిస్కులు కావలెను.

పోయినది ఏది? సాధారణముగ పద్యములు, రెండవ చరణములు, హాస్యఘట్టములు. కథ తెగకుండ తీసివేయుటకు అవి అనువుగా కనబడును. కాని పౌరాణిక చిత్రమున పద్యము తీసివేసిన కథ మిగులును, రుచి పోవును. మా ఊరిలో జీడిపప్పు ఏరువారు గుండును ఒక వైపునకు, బద్దను ఒక వైపునకు, ముక్కను మరియొక వైపునకు వేయుదురు. ముక్కలు కూడ తినదగినవే. అయితే ముక్కలను గుండు ధరకు, గుండు పేరుతో అమ్మరాదు. కుదించిన ప్రతి విషయమున మా అభ్యంతరము ఇంతమాత్రమే.

ఈ లెక్కలో తొందరపాటు పనికిరాదు. వెండితెరపై ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచును. మన దేశపు టెలివిజను పద్ధతి సెకనుకు 25 బొమ్మలది. ఆ పద్ధతిలో చేసిన కొన్ని ప్రతులలో ఫిలిమును ఆ వేగముననే నడిపింతురు. అప్పుడు 184 నిమిషముల చిత్రము సుమారు 177 నిమిషములలో ముగియును. ఒక్క ముక్కయు తెగలేదు, నడక మాత్రము పెరిగినది. కనుక గంటకు రెండు మూడు నిమిషముల తేడా వచ్చినంత మాత్రమున ప్రచురించినవారిని నిందింపరాదు. అంతకు మించినప్పుడు అనుమానింపవలెను.

అనుమానము వచ్చినప్పుడు సాక్ష్యమేది? పాటల పుస్తకము. పూర్వము సినిమాహాలు వద్ద కొద్ది పైసలకు అమ్మిన ఆ చిన్న పుస్తకములలో నటీనటుల పేర్లు, కథాసంగ్రహము, పాటలు, పద్యములు వరుసగా ఉండెడివి. మా తల్లిగారి ట్రంకు పెట్టె అడుగున అట్టివి పది పన్నెండు దొరికినవి. వెదకిన చిత్రము పుస్తకము వానిలో ఉండెను. పద్యము అందులో ఉన్నది. మనుమడు దానిని కూడబలుకుకొని చదివి, తాతమ్మ ముఖము వంక చూచెను.

అయితే న్యాయముగా మరియొక సంగతి కూడ చెప్పవలెను. అదే చిత్రములోనిదని ఆమె పట్టుపట్టిన ఇంకొక పాట ఆ పుస్తకములో లేదు. అది వేరొక చిత్రములోనిది. ఆమె నవ్వి ఒప్పుకొనిరి. జ్ఞాపకము ప్రియమైనదే గాని ప్రమాణము కాదు. డిస్కును ప్రమాణము కాదు. రెంటికిని పైన వ్రాతమూలకమైన ఆధారముండుట మంచిది. ఆనాటి పత్రికల ప్రకటనలు, సమీక్షలు, పాటల పుస్తకములు ఇందుకు పనికివచ్చును.

రెండవ ప్రశ్న చట్రమును గూర్చినది. నేతపని తెలిసినవారికి ఇది ఒక్క మాటలో చెప్పవచ్చును: పన్నా తగ్గినదా? పాత చిత్రముల బొమ్మ దాదాపు చదరమునకు దగ్గరగా ఉండును. నాలుగు పాళ్లు వెడల్పైన మూడు పాళ్లు ఎత్తు. నేటి టెలివిజను తెర వెడల్పైనది: పదునారింటికి తొమ్మిది. చదరపు బొమ్మను వెడల్పు తెరమీద ఉంచినచో రెండు ప్రక్కల నల్లని పట్టీలు మిగులును. అది లోపము కాదు, అదియే సరియైన పద్ధతి. కాని ఆ నలుపు చూచి కొన్నవారు అసంతృప్తి పడుదురను భయముతో కొందరు తెరను నింపబూనుదురు. అందుకు రెండు అడ్డదారులు కలవు.

ఒకటి, పైనను క్రిందను కత్తిరించుట. దీనివలన బొమ్మ ఎత్తులో ఇంచుమించు నాలుగవ వంతు పోవును. చీర అంచులు రెండును కోసివేసినట్లే. కిరీటము నుదుటి వద్ద తెగును, నాట్యమాడువారి పాదములు కనబడవు. రెండవది, బొమ్మను ప్రక్కలకు సాగదీయుట. ఏమియు పోదు గాని మనుష్యులందరు లావెక్కుదురు. ఘటోత్కచునిగా ఎస్.వి.రంగారావు గారి విగ్రహమునకు ఇంకను వెడల్పు అక్కరలేదు గదా. దీనిని కనిపెట్టుటకు గుండ్రని వస్తువును చూడవలెను. ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే గారు చిత్రించిన వెన్నెల రాత్రి ప్రసిద్ధమైనది. చందమామ కోడిగ్రుడ్డు వలె కనబడినచో బొమ్మ సాగినదని గ్రహింపవచ్చును. అయితే ముందుగా మన టెలివిజను అమరికను చూచుకొనవలెను. పెక్కుసార్లు తప్పు డిస్కుది కాదు, మన రిమోటుది.

వెడల్పు తెర చిత్రములకు దీనికి విరుద్ధమైన ఆపద వచ్చినది. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అట్టి చిత్రమును పాత చదరపు టెలివిజను తెరకు నిండుగా పట్టించినచో వెడల్పులో నూటికి నలుబది పాళ్లకు పైగా పోవును. ఇద్దరు మాటాడుకొను ఘట్టమున ఒకరే కనబడుదురు, రెండవవారి గొంతు మాత్రము వినబడును. టేపుల కాలమున పిల్లలు చూచినవి ఎన్నో ఇట్టివే.

మూడవది రంగును, రూపమును. మేము చెప్పుచున్నవి గీచిన బొమ్మల చిత్రములు కావు, సజీవులైన నటీనటుల చిత్రములు. ఇందులో ముఖ్యము మనుష్యుని ముఖము. ఫిలిమునకు సహజముగ సన్నని ఇసుక చల్లినట్లు ఒక నలుసు ఉండును. గీతలు, మచ్చలు తుడుచుట మంచిదే. కాని యంత్రము అతిగా తుడిచినచో గీతలతోపాటు ఆ నలుసు, దానితోపాటు చర్మపు గీతలు, కంటి కొసల ముడుతలు కూడ పోవును. ముఖములు మైనపు బొమ్మలగును. గీచిన బొమ్మలో ఈ నష్టము అంతగా తెలియదు. నటుని ముఖమున మాత్రము వెంటనే తెలియును, ఏలయన అతని అభినయమంతయు ఆ ముడుతలలోనే ఉన్నది. దీనికి విరుద్ధముగ అంచులను అతిగా పదునుపెట్టినచో ప్రతి ఆకారము చుట్టును తెల్లని గీత ఏర్పడును. మాయలు, మంత్రములు గల చిత్రములలో కెమెరా చమత్కారపు అతుకులు బయటపడును. పిల్లలకు మాయ మాయగానే కనబడవలెను.

రంగు చిత్రములకు మరియొక చిక్కు కలదు. 1950ల నుండి 1980ల తొలినాళ్ల వరకు వాడిన రంగు ఫిలిములో పెక్కు ప్రతులు కాలక్రమమున వెలసినవి. మూడు రంగుల పొరలలో నీలి ఛాయ ముందుగా వెలిసి, బొమ్మ అంతయు ఎరుపు గులాబి ఛాయకు తిరుగును. తెలుగులో తొలి పూర్తి వర్ణచిత్రమైన ‘లవకుశ’ 1963లో విడుదలైనది. ఆ కాలపు చిత్రమేదైనను చూచునప్పుడు ఆకులు ఆకుపచ్చగాను, ఆకాశము నీలముగాను ఉన్నవా అని చూడవలెను. ఆశ్రమపు చెట్లు ఇటుక రంగున ఉన్నచో అది కవిహృదయము కాదు, వెలసిన ప్రతి. అద్దకము తెలిసిన ఊరివారు రంగు నిలిచినదా లేదా అని గుడ్డను ఉతికి చూతురు. ఇక్కడ ఆకులు, ఆకాశము చూచిన చాలును.

నలుపు తెలుపుల చిత్రమునకు రంగులద్దుటను గూర్చి పెద్దలలో వాదము కలదు. ‘మాయాబజార్’ రంగుల రూపమున 2010 జనవరి 30న విడుదలైనది. రంగుల వలన కొత్త తరము పిల్లలు దానిని చూచిరి. అది మేలే. కాని రంగులద్దుట ఒక వ్యాఖ్యానము. ఏ చీర ఏ రంగుదో నేడు నిర్ణయించినవారి ఊహ అందులో ఉండును. వెలుగునీడలతో వెన్నెలను సృష్టించిన ఛాయాగ్రాహకుని ఊహ మూలములో ఉండును. వ్యాఖ్యానము చదివినవారికి మూలము కూడ అందుబాటులో ఉండవలెను. రంగుల ప్రతితోపాటు నలుపు తెలుపుల ప్రతిని కూడ ఇచ్చిన ప్రచురణను మేము ఉత్తమమనుచున్నాము.

నాలుగవది ధ్వని. ఈ పరీక్షలో రేడియో ఇండ్లవారికి ఎవరును సాటిరారు. తొలి ఐదు నిమిషములు కన్నులు మూసికొని వినుడు. మాటలు తేటగా వినబడుచున్నవా? ‘స’, ‘శ’, ‘ష’లు మూడును ఒకే బుసగా మారినవా? పాత ధ్వనిలో కొద్దిపాటి హోరు ఉండుట సహజము. ఆ హోరును మొదలంట తీసివేయబోయినచో తంబురా నాదము, గాయకుని ఊపిరి, పద్యము చివర సాగిన ఆలాపన కూడ పలుచబడును. పిమ్మట కన్నులు తెరచి, పెదవులకును మాటకును పొత్తు కలిసినదో లేదో చూడుడు.

శ్రుతిని గూర్చి ఒక మాట. పైన చెప్పిన 24, 25 బొమ్మల తేడా వలన వేగమే కాదు, సరిదిద్దనిచో శ్రుతియు పెరుగును. ఆ పెరుగుదల హార్మోనియముపై ఒక మెట్టులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఘంటసాల గారి గొంతు మీకు రేడియో వలన పరిచితమైనచో, డిస్కులో అది కొంచెము సన్నగిల్లినట్లు, తొందరపడినట్లు తోచును. అది మీ చెవి దోషము కాదు. ఇంట హార్మోనియము ఉన్నవారు అదే పాటను గ్రామఫోను రికార్డుతో పోల్చి చూడవచ్చును. ఇంకొక సంగతి: ఒక్క స్పీకరు కొరకు చేసిన పాత ధ్వనిని ఆరు స్పీకర్లకు పంచి, కొత్త ఉరుములు, డప్పులు చేర్చిన ప్రతులు కలవు. వేడుకగా వినవచ్చును. అయితే అసలు ధ్వనిని కూడ ఎంచుకొను వీలు ఉండవలెను.

ఈ నాలుగింటికిని మూలమైన విషయము ఒకటి కలదు: ఎంత చోటులో ఎంత ఇరికించిరి? ‘ఒకే డి.వి.డి.లో మూడు చిత్రములు’ అను అట్టలు అంగళ్లలో ఎన్నో కనబడినవి. ఒక పొర గల డి.వి.డి.లో పట్టునది 4.7 గిగాబైట్లు. మూడు గంటల చిత్రము ఒక్కటే ఉన్నచో సెకనుకు సుమారు 35 లక్షల బిట్లు దానికి దక్కును. మూడు చిత్రములు, అనగా తొమ్మిది గంటలు నింపినచో సెకనుకు 12 లక్షలు కూడ దక్కవు. మూడవ వంతు అన్నముతో ముగ్గురిని కూర్చుండబెట్టినట్లు. ఫలితము గుంపులు పరుగెత్తు ఘట్టములలో, వాన కురియునప్పుడు, పొగ లేచినప్పుడు తెలియును. బొమ్మ చిన్న చిన్న చదరములుగా విడిపోవును. కొనువారు చిత్రముల లెక్క చూచి సంతోషింతురు. చూచువారు కన్నులు నులుముకొందురు. తక్కువ ధరకు మూడు చూచుట కొందరికి అవసరమే. కాని దాచుకొనదగిన చిత్రమును విడిగా కొనుట మేలు.

ఐదవది పిల్లలతో చూచుటకు కావలసిన వసతి. అట్టపై సెన్సారు సర్టిఫికెట్టును చూచుట మొదటి పని. ‘యు’ అన్నది అందరికిని తగినది. 1983 నుండి వచ్చిన ‘యు/ఎ’ పెద్దల పర్యవేక్షణ కోరునది. 2024 నియమముల ప్రకారము దానిని ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల మెట్లుగా విభజించిరి. అయినను సర్టిఫికెట్టు మన పని అంతయు చేయదు. 1972 నాటి ‘పాపం పసివాడు’ ఎడారిలో ఒంటరిగా చిక్కుకొన్న బాలుని కథ. అందులో అశ్లీలము లేదు, కాని చిన్నపిల్లలు భయపడవచ్చును. పిల్లవాని ప్రక్కన కూర్చుండి చూచుట దీనికి మందు. బాలబాలికలే పాత్రధారులుగా గుణశేఖర్ గారు తీసిన ‘రామాయణం’ జాతీయ స్థాయిలో ఉత్తమ బాలల చిత్రముగా పురస్కారము పొందినది. అట్టిది వారంతట వారు చూచుకొనదగినది.

రెండవ వసతి క్రింద కనబడు అక్షరములు. అమెరికాలోను, బెంగుళూరులోను పెరుగుచున్న మన మనుమలకు పద్యభాష అందదు. ఇంగ్లీషు అక్షరములు వానికి తోడ్పడును. అయితే పాటలు, పద్యములు వచ్చినప్పుడు ఆ అక్షరములు మాయమగు ప్రతులు పెక్కు. సహాయము అవసరమైన చోటనే సహాయము లేకుండుట ఇది. తెలుగు అక్షరములే క్రింద కనబడినచో ఇంకను మేలు. పిల్లలు పాడుచు చదువుట నేర్చుకొందురు. మూడవది, బొమ్మ మూలన ఎల్లప్పుడు నిలిచియుండు అమ్మకపుదారు ముద్రలును, నడుమ దొర్లు ప్రకటనలును లేకుండుట.

ఇంత పరిశీలన ఎందుకు, వినోదమే గదా అని కొందరనవచ్చును. చిత్రము వెండితెరపై ఉన్నంతకాలము చెడ్డ ప్రతి చూచినవారు మరియొక హాలులో మంచి ప్రతి చూచెడివారు. నేడు పాత చిత్రము హాలులో ఆడుట అరుదు. పిల్లవానికి ఇంటికి వచ్చిన ప్రతియే చిత్రము. అందులో లేనిది వాని దృష్టిలో ఎన్నడును లేదు. మూలప్రతులు కూడ శాశ్వతములు కావు. 1931లో వచ్చిన భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’కు నేడు ఒక్క ప్రతియు మిగులలేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని ఏర్పడలేదు. 1990 మే 9న, మన కోస్తాను పెనుతుఫాను ముంచెత్తిన దినముననే విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ని బాగుచేసి 2025 మే 9న మరల ప్రదర్శించిరి. శ్రద్ధ వహించినవారున్నచో చిత్రము బ్రతుకును. శ్రద్ధ వహించుటకు చూచువారు తేడా తెలిసినవారై యుండవలెను. తేడా అడుగనివారికి మంచి ప్రతి ఎవరు తెత్తురు?

ఇంటర్నెట్టులో చూచువారు కూడ ఈ ఐదు ప్రశ్నలను మరువరాదు. అచ్చట ఇంకొక సందేహము కలదు. ఒప్పందము ముగిసినచో నిన్న ఉన్న చిత్రము నేడు ఉండదు. ప్రాణప్రదమైన చిత్రము ఒక మంచి డిస్కు రూపమున ఇంట ఉండుట ఇప్పటికిని యుక్తమే. సముద్రము చేరువనున్న మా వంటి ఊళ్లలో డిస్కులను తేమ తగులనిచోట, ఎండ పడనిచోట నిలువుగా పెట్టవలెను. అంచులు పట్టుకొని తీయవలెను. తుడువవలసి వచ్చినచో మెత్తని గుడ్డతో నడిమి నుండి అంచునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా కాదు.

మా ఇంటి తగవు ఎట్లు తీరినదో చెప్పి ముగింతుము. తెలిసినవారి వలన అదే చిత్రము మూడు డిస్కుల ప్రతి దొరికినది. దానిలో గీతలున్నవి, ఒకచోట ధ్వని కొంత తగ్గినది. బొమ్మ మొదటి ప్రతి కంటె మెరుగు కాదు. కాని పూర్తిగా ఉన్నది. సెలవులు ముగియుటకు రెండు దినములు ముందు అందరము కూర్చుండి చూచితిమి. ఆ ఘట్టము వచ్చినది. పద్యము మొదలైనది. మా తల్లిగారు తెర వంక చూడలేదు, మనుమని వంక చూచుచు తామును గొంతు కలిపిరి. రెండవ పాదము వద్ద వాడు పాటల పుస్తకము ఒడిలో పెట్టుకొని వ్రేలితో అక్షరములు వెంబడించుచుండెను.

మరునాడు వాడు మొదటి ప్రతి పెట్టెను తీసికొని, అట్టమీద పెన్సిలుతో పెద్ద అక్షరములతో ఒక మాట వ్రాసెను. ఆ మాట వానికి తాతమ్మ నేర్పినది. ఆమెకు రేడియో నేర్పినది. ‘సంక్షిప్తము’.